సంజీవరావు అరలు దులిపిన రోజు

ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు బస్సుల బాగోగులు చూసి రిటైరైన సంజీవరావు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. తొంభై ఎనిమిది డిసెంబరులో, క్రిస్మస్ నాలుగు రోజులుందనగా, గుణదలలోని తన ఇంట్లో వంటింటి అరలు శుభ్రం చేయడానికి దిగాడు. ఏటా ఆ పని చేసే భార్య మార్త కుడిచేతికి పిండికట్టుతో కూర్చుంది మరి. వారం కిందట స్టూలెక్కి పంచదార డబ్బా అందుకోబోయి పడింది, మణికట్టు విరిగింది. చూడవచ్చిన వాళ్లందరితోనూ "ఈమెకి నిదానం లేదండీ" అని చెప్పడంతో ఆయన ఆగలేదు. పండగ దాటగానే వంటమనిషిని పెడతానని, మార్త ఇక వంటింట్లో అడుగుపెట్టకూడదని తీర్మానం కూడా చేసేశాడు.

పెళ్లయిన ఇరవై ఆరేళ్లుగా ఆయనకి వండిపెట్టిన మనిషికి విరిగిన ఎముక కన్నా ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది. కానీ పడింది తనే కదా, పాపం, ఏమని వాదిస్తుంది?

"వేడినీళ్లలో కాస్త వంటసోడా వెయ్యండి, జిడ్డు తొందరగా వదులుద్ది," అంది గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని.

"బస్సు ఇంజన్లే విప్పి కడిగించినవాణ్ణి, నాకు చెబుతావా?" అన్నాడు. అంటూనే సోడా వేశాడు.

వంటగట్టుకి పైన, గోడ పొడవునా తలుపులున్న చెక్క అరలు. గట్టు కింద గ్యాసు బండా, బియ్యం డ్రమ్మూ తప్ప ఇంకేవీ పట్టవు. సంజీవరావు తాడిచెట్టంత మనిషి కాబట్టి స్టూలు అవసరమే పడలేదు. పాత లుంగీ ముక్కతో తలుపులు తుడిచాడు. పోపు జిడ్డు తుప్పు రంగులో గుడ్డకంటింది. పై అరలో ముందు వరస డబ్బాలు దించాడు. అంచున రెండు బెత్తెల మేర రంగు అరిగిపోయి ఉంది. ఆ వెనక వేలిమందం దుమ్ము, బూజు. బూజులోంచి ఒక జల్లెడ బయటపడింది. తర్వాత కాఫీ ఫిల్టరు. ఆ తర్వాత గులాబీ పువ్వుల పిండివంట వేసే ఇనప అచ్చులు, ఒకటి కాదు, మూడు.

ఆ అచ్చు కనబడటం లేదని మార్త అనడం, నీకు మతిమరుపని నలుగురిలో ఎగతాళి చేసి ఆయన కొత్తది కొనడం ఆ ఇంట్లో క్రిస్మస్ ఆచారం అయిపోయింది.

"ఇవేంటి మార్తా? పోయాయన్నావుగా."

"పోయాయని ఎప్పుడన్నానండీ? కనబడ్డం లేదన్నాను. స్టూలెక్కినా నా చెయ్యి ఆ వెనక్కి పోదు. జారి వెనక్కెళ్లిందంటే ఇక అంతే."

"మరి చెప్పొచ్చుగా."

"చెప్పా. పద్నాలుగేళ్ల కిందట ఈ ఇంట్లోకి వచ్చిన రోజే చెప్పా. అలవాటైపోద్దిలే అన్నారు."

ఆయనకి నిజంగానే గుర్తులేదు. గుర్తులేనప్పుడు తప్పు ఇంకొకరిది అనుకోవడం తేలిక. తడి చేతులు లుంగీకి తుడుచుకుని, స్కూటరు మీద బెంజ్ సర్కిల్ దగ్గరికెళ్లి, ఆ అరలు చేసిన వడ్రంగి నవాబును ఉన్నపళంగా ఎక్కించుకొచ్చాడు. మార్త టీ ఇవ్వబోతే, రంజాను నెల కదా, రోజా ఉన్నానమ్మగారూ అన్నాడు నవాబు.

"ఈమె ఎత్తెంత, ఈ అరలెత్తెంత? నువ్వు పనిమంతుడివేనా అసలు?" అని నిలదీశాడు సంజీవరావు.

నవాబు అరల వైపు చూశాడు, మార్త వైపు చూశాడు. "కొలత మీదేగా సార్," అన్నాడు మెల్లిగా. "అమ్మగారిని పిలవమన్నానండీ ఆ రోజు. ‘ఆమెకి పనుంది, నా ఎత్తు చూసి కొట్టు’ అని, మీరే చెయ్యెత్తి చూపించారు. అమ్మగారప్పుడు మాకే అన్నం వండుతా ఉన్నారు."

సంజీవరావు చెయ్యెత్తాడు; పై అర సరిగ్గా తన చేతికందింది. పద్నాలుగేళ్లు ఆమెను రోజూ స్టూలెక్కించింది తనే. పడితే నిదానం లేదని చర్చి దాకా చాటిందీ తనే.

"వంటమనిషీ వద్దు, ఏమీ వద్దు," అన్నాడు. "అరలే దించుదాం. ఇలా రా మార్తా, చెయ్యెత్తు."

మార్త అరల కింద నిలబడి ఎడమచెయ్యి ఎత్తింది. చేయి అందినచోట గోడ మీద గీత పెట్టబోయాడు నవాబు.

"ఆగాగు," అన్నాడు సంజీవరావు. ఆయన ఆమె పాదాల వైపు చూస్తున్నాడు. "మడమలు కింద పెట్టు మార్తా."

"కిందే ఉన్నాయి కదండీ," అంది మునివేళ్ల మీద నిలబడి.