మా టీచరమ్మకు కోపం వచ్చేది

మా టీచరమ్మ పోయిందని సిరిసిల్లలో కుట్టుమిషన్ మీద ఉండగా ఫోన్ వచ్చింది. చేతిలో ఉన్న చొక్కా అట్లాగే వదిలేసి, వేములవాడ మీదుగా జగిత్యాల బస్సెక్కాను. రిటైరయ్యాక ఆమె అక్కడే చెల్లెలి ఇంట్లో ఉండేది. నేను వెళ్లేసరికి గుమ్మం ముందు ఫ్లెక్సీ కట్టేశారు. దాని మీద ‘శాంతమూర్తి, సహనశీలి’ అని రాసి ఉంది. మాట్లాడిన ప్రతివాళ్లూ అదే పాట పాడారు. ఎన్నడూ గొంతు పెంచలేదట. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదట. నాకు ఒళ్లు మండింది. పోయిన మనిషికి లేని మంచి అంటగట్టడం ఎందుకు, ఉన్న మంచి చాలదా? ఆమెకు కోపం వచ్చేది. బాగా వచ్చేది. ఆ కోపం ఒకరోజు నా కోసం మా ఇంటిదాకా నడిచి వచ్చింది. అది తెలిసినవాళ్లు అక్కడ ఎవరూ లేరు కాబట్టి నేనే చెప్పాలి.

కోరుట్లలో మా వాడ చివర చిన్న బడి. నేను ఒకటో తరగతి. గోడకు ఒక పెద్ద అట్ట, దాని మీద మా అందరి పేర్లు, పేర్ల పక్కన మెరిసే స్టార్లు. ఆ స్టార్ల కాగితం ఆమె కళ్లజోడు డబ్బాలో ఉండేది. స్టార్ అంటించే ముందు ఆగి, “ఎందుకిస్తున్ననో నువ్వే చెప్పు” అనేది. పలక తుడిచి పెట్టాననో, పక్కపిల్లకు బలపం ఇచ్చాననో మేమే చెప్పాలి. మంచిపిల్ల అనే మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు. నెలాఖరుకు వరస నిండినవాళ్లకు రంగుపెన్సిళ్లు. తల్లులను పిలిచి, ఇంట్లో కూడా ఇట్లా చేసి చూడండని చెప్పింది.

మా అమ్మ చేసింది. కిరాణా కొట్టువాళ్లిచ్చిన కేలండర్ మీద, నేను మారాం చేయని ప్రతి రోజుకూ ఒక ఎర్ర బొట్టుబిళ్ల అంటించింది. బహుమతి మాత్రం రంగుపెన్సిళ్లు పెట్టలేదు. “గీ నెలంత నిండితే మీ బాపు దుబాయ్ నుంచి అస్తడు” అంది.

బాపు వెళ్లి అప్పటికి మూడేళ్లు. నాకు ఆయన ముఖం ఫొటోలోదే తెలుసు. ఆ నెల నేను పెట్టింది తిన్నాను, ఎవరు గిల్లినా ఊరుకున్నాను. ఇంకో రెండు గళ్లయితే నెల నిండిపోతుందనగా దుబాయ్ నుంచి ఫోన్ వచ్చింది. కంపెనీవాడు పాస్‌పోర్టు ఇవ్వనంటున్నాడట. అమ్మ కాసేపు గోడకానుకుని కూర్చుంది. తర్వాత లేచి కేలండర్ మీద నాలుగు బిళ్లలు పీకేసింది. “మొన్న అన్నం పారవోసినవ్ గద” అంది. పారబోసిన మాట నిజమే. నాలుగు మెతుకులు. అందుకే బాపు రాలేదని నేను నమ్మాను. పై నెల మళ్లీ అంతే, ఆ పై నెల మళ్లీ అంతే. ఆరేళ్ల పిల్లనైన నేను, ఒక మనిషిని సముద్రం అవతల ఆపేస్తున్నది నేనేనని నమ్మాను.

ఒకరోజు బడిలో బెంచీ ఒరిగి నా వేలి మీద పడింది. గోరు నల్లబడింది. నేను పళ్లు బిగించుకుని కూర్చున్నాను. టీచరమ్మ చూసింది.

“ఏడుస్తలేవేందే?”

“ఏడిస్తే బొట్టు తీసేస్తరు. మా బాపు రాడు.”

ఆమె మెల్లగా ఒక్కొక్కటి అడిగి మొత్తం చెప్పించుకుంది. వేలికి తడిగుడ్డ చుట్టి, అన్నం గంట కాగానే నన్ను చంకనేసుకుని మా ఇంటికి బయలుదేరింది. అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. టీచరమ్మ నన్ను దింపి, నేరుగా వెళ్లి మేకుకున్న కేలండర్ తీసేసింది.

“నీ చేతుల లేనిదాన్ని పిల్లకు ఇస్తనని ఎట్లన్నవమ్మా?” ఆ గొంతుకు పక్కింటివాళ్లు బయటికొచ్చారు. “పెట్టిన బొట్టు పీకుతవా? పిల్ల చేసిన మంచి చేయనట్టు అయితదా?”

అమ్మ ఏడ్చింది. “రోజూ అడుగుతది టీచరమ్మా, ఎప్పుడస్తడని. ఏదో ఒకటి చెప్పాలె గద.”

“తెల్వదని చెప్పు. నీకు తెల్వదు, నాకు తెల్వదు.” చేతిలోని కేలండర్ మడిచి, “గీ అట్ట పని నేర్పింది నేనే. తప్పు నాది సుత ఉన్నది” అంది. అప్పుడు నా ముందు కింద కూర్చుంది. “ఇను బిడ్డ. మీ బాపు పాస్‌పోర్టు కంపెనీవాడు దాసిపెట్టుకున్నడు. నువ్వు ఏడ్సినా, నవ్వినా, అన్నం పారవోసినా వానికి ఎర్కనే లేదు. ఇప్పుడు ఏడువు.”

ఏడ్చాను. సాయంత్రం దాకా ఏడ్చాను.

మర్నాడు బడి గోడ మీది అట్ట కూడా లేదు. నెలాఖరు బహుమతి ఎత్తేసింది. ఎవరు మంచి పని చేస్తే వాళ్లకు అప్పటికప్పుడే ఏదో ఒకటి దక్కేది. గంట కొట్టడం, కథ ఏదో ఎంచుకోవడం. ఇచ్చింది వెనక్కి తీసుకోవడం అనేది లేదు. తుంటరిపనికి శిక్ష ఉండేది, అది వేరే. యూనిఫాం లేనివాళ్ల గంట కొట్టే వంతు తీసేయమని పెద్దసారు అంటే, అందరి ముందే ఆయనతో పెట్టుకుంది. ఇదీ ఆ ఫ్లెక్సీ మీది శాంతమూర్తి.

అమ్మ మీద నాకిప్పుడు కోపం లేదు. ఆమెకు చెప్పుకోవడానికి ఇంకేం మిగిల్చారని? నా కోపం ఆ పాస్‌పోర్టు దాచినవాడి మీద, వాడి దగ్గరికి పంపిన ఏజెంట్ మీద. మంచిగుంటే డాడీ అస్తడని ఇప్పటికీ ఈ ఊళ్లలో పసిపిల్లలకు చెప్పేవాళ్లను చూస్తే, నా గొంతు కూడా లేస్తుంది. ఆ గొంతు ఎక్కడిదో నాకు తెలుసు.

ఆ మరుసటి ఏడు, ఒక మధ్యాహ్నం, నేను ఒక పిల్లతో కొట్లాడి జడ పీకాను. టీచరమ్మ నన్ను వరండాలో గోడవైపు తిరిగి నిలబడమంది. కాసేపటికి గేటు దగ్గర అమ్మ, పక్కన బక్కచిక్కిన ఒక మనిషి, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. ఎవరో నాకు తెలియలేదు. టీచరమ్మ వచ్చి నా భుజాలు పట్టి అటు తిప్పింది.

“చూడు. ఇయ్యాల నువ్వు కొట్లాడినవ్. అయినా అచ్చిండు. యాదివెట్టుకో” అంది. “మిగిలిన శిక్ష రేపు. పో.”

పోయాను. బాపు కవరు కింద పెట్టి నన్ను ఎత్తుకున్నాడు. ఆయన మెడ చుట్టూ వేసిన నా చేతిలో, ఆ పిల్ల జడ నుంచి పీకిన ఎర్ర రిబ్బను ఇంకా అట్లాగే ఉంది.