మేము గెలిచామని చెప్పుకున్న ఊరు

మొన్న హైదరాబాదులో మా నాస్తిక మిత్రుల సభ జరిగింది. పాతకాలం మనిషినని నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. ఒక యువకుడు మాట్లాడుతూ నల్లగొండ జిల్లాలోని గొర్లు కాచే కురుమల ఊరొకదాని సంగతి చెప్పాడు. బాణామతి అనే చేతబడి భయంతో వణికే ఆ ఊరికి కొందరు పంతుళ్లు సైకిళ్ల మీద వెళ్లారని, ఎవరినీ తిట్టకుండా, ఎవరి మీదా చెయ్యెత్తకుండా వట్టి మాటలతో భయం పోగొట్టారని, మత ఉన్మాదానికి మందు అదొక్కటేనని అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ పంతుళ్లలో నేనొకణ్ని. ఆ కథ మొదట చెప్పింది కూడా నేనే. అది అబద్ధం. అక్కడే లేచి ఆ మాట అనవలసింది, అనలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను నకిరేకల్‌లో బడిపంతుల్ని. నిజాం పాలన పోయి పదేళ్లు కాలేదు. ఊళ్లలో దొరల గడీలు సగం పాడుబడి ఉండేవి. ఆ గడీల మీదికి జనం తిరగబడిన రోజులు మేము చూశాం. అటూ ఇటూ చాలామంది చచ్చిపోయారు. మా నలుగురు స్నేహితులకూ ఆ నెత్తురంటే విరక్తి కలిగింది. దొరను దించడానికి తుపాకి కావలసి వచ్చిందేమో గానీ దేవుణ్ని దించడానికి మాట చాలునని నమ్మాం. ఆయన లేనే లేడు గనక, లేడని చూపిస్తే సరిపోతుందని మా తర్కం. ఆయన లేకపోయినా ఆయన పేరు మీద లేచే చేతులు ఉంటాయని, వాటికి మాటలు వినపడవని మాకు తోచలేదు.

ఆదివారాలు సైకిళ్లేసుకుని ఊళ్లు తిరిగేవాళ్లం. చావడి ముందు నిలబడి నాలుక మీద కర్పూరం వెలిగించుకునేవాళ్లం. నిప్పుల మీద నడిచేవాళ్లం. అన్నిటికంటే జనాన్ని పట్టేది నిమ్మకాయ. మందార పూల రసం కత్తికి పూసి ఆరబెడితే మరక పెద్దగా కనిపించదు. దానితో నిమ్మకాయ కోస్తే పులుపు తగిలి ఎర్రటి రసం కారుతుంది. చేతబడి ఉందని నమ్మించడానికి మంత్రగాళ్లు చేసే పనే ఇది. మేము ముందు చేసి చూపి, తర్వాత గుట్టు విప్పేవాళ్లం.

ఆ ఊరి కురుమ ఒకాయన నకిరేకల్ అంగడికి గొంగళ్లు అమ్మడానికి వచ్చి మా మాటలు విన్నాడు. నలభై ఏళ్లుంటాయి. నోరు తెరిస్తే నవ్వించేవాడు. ఆయన బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు ఊళ్లోని శివసత్తి, అంటే ఎల్లమ్మ పూని పలుకుతుందని అందరూ నమ్మే ఆడమనిషి, దవాఖానకు పోవద్దు, పొట్టేలునియ్యి అన్నదట. ఇచ్చాడు. బిడ్డ బతకలేదు. "పొట్టేలు పాయె, పోరి పాయె. అమ్మ మాత్రం కడుపునిండ తిన్నది సారూ," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ వింటున్న మాకు నవ్వు రాలేదు. మేము మార్చిన మనిషి అని చెప్పుకోవడానికి మాకు ఆయనొక్కడే ఉన్నాడు. నిజానికి ఆయన్ని మార్చింది బిడ్డ చావు.

నిమ్మకాయ గుట్టు నేర్పితే, "గింతేనా? గీ పువ్వుకేనా గిన్నేండ్లు దండం పెట్టింది?" అని పడిపడి నవ్వాడు. తన ఊళ్లో తానే చేసి చూపిస్తానన్నాడు. అట్లాగే కానిమ్మని నేనూ పట్టుబట్టాను. చదువుకున్న పంతులు చేస్తే ఏదో విద్య అనుకుంటారు, గొర్లు కాచే మనిషి చేస్తే ఇక సందేహమేముంటుంది అని నా ఆలోచన.

మేము వెళ్లిన రోజు ఆయన భార్య జొన్నరొట్టెలు పెట్టింది. వడ్డిస్తూనే, "మీరు పొద్దుగూకంగనే సైకిలెక్కి పోతరు. మేం గీ ఊర్లనే ఉండాలె గద సారూ," అన్నది. ఇప్పుడు ప్రజల రాజ్యం, ఎవరేం చేస్తారమ్మా అన్నాను. ఆమె నా పళ్లెంలో మరో రొట్టె వేసింది.

ఆ సాయంత్రం చావడి ముందు ఊరంతా కూచుంది. ఆయన శివసత్తిలా కాసేపు ఊగి అందరినీ నవ్వించి, నిమ్మకాయ కోశాడు. ఎర్రగా కారింది. నేను మందార పూలు చూపించి సంగతి విడమరిచి చెప్పాను. కులపెద్ద లేచి తానూ కోస్తానన్నాడు. నేను అదే కత్తిని శుభ్రంగా తుడిచి చేతికిచ్చాను. కాయలోంచి వట్టి నీళ్లే వచ్చాయి. చూశారా, పూల రసం లేకపోతే ఏమీ లేదు అన్నాను. మాకు అది తిరుగులేని రుజువు. బడిలో పిల్లలకు ప్రయోగం అట్లాగే చేసి చూపిస్తాం. ఊరు చూసింది మాత్రం వేరు. ఆయన కోస్తే నెత్తురు వచ్చింది, పెద్దమనిషి కోస్తే రాలేదు. వెనక నుంచి ఒక ముసలామె, "మందార చెట్టు మా వాకిట్ల గూడ ఉన్నది బిడ్డా. మరి మాకెన్నడు గిట్ల కాలే," అన్నది. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. చీకటి పడకముందే సైకిళ్లెక్కాం.

ఆ వానకాలం కొత్త గడ్డి మేసిన గొర్లకు చిటుకరోగం తగిలింది. మేస్తున్న గొర్రె మేస్తున్నట్టే ఎగిరిపడి చస్తుంది. ఊళ్లో మందలకు మందలు పోయాయి. ఆయన మంద ఆ రోజుల్లో గుట్టల అవతల బావమరిది ఊరి బీళ్లలో ఉండటం వల్ల దానికేమీ కాలేదు. బోనాల నాడు శివసత్తి ఊగుతూ పలికిందట, ఊర్లో ఒకడు బాణామతి నేర్చాడని, వాడి నోట మంత్రం ఉన్నన్నాళ్లూ అరిష్టం తప్పదని. బాణామతి చేసేవాడి పండ్లు పీకితే మంత్రం సరిగ్గా పలకలేడని, దాంతో దాని బలం పోతుందని మా వైపు నమ్మకం. అట్లా పండ్లు పోయిన మనుషులు ఊరికొకరు కనిపించేవాళ్లు. అమ్మ పూనిన శివసత్తి ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది.

ఆయన అంగడి నాడు మా బడికి వచ్చాడు. "ఊరోళ్లు నా మొఖం చూస్తలేరు సారూ. మా ఆమెను బాయి కాడికి రానిస్తలేరు. మీరు జర ఠాణాల ఒక్క మాట చెప్పుండ్రి," అన్నాడు. మా స్నేహితుల్లో ఒకాయన అప్పుడే బయల్దేరదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. పోలీసులను వెంటేసుకుని పోతే రేపు మన మాట ఎవరు వింటారు, లాఠీతో చెప్పే నాస్తికం మనకొద్దు అన్నాను. ఆ మాట నాకే ఎంత ముచ్చటగా తోచిందంటే మళ్లీ ఒకసారి అన్నాను. ఆదివారం మేమంతా వచ్చి మాట్లాడతామని ఆయనకు చెప్పి, చివరికి ఇంకో మాట కూడా చెప్పాను. "భయపడకన్నా. అందరి ముందట మళ్లొకసారి నువ్వే కోసి చూపించు. ఓపికతోని చెప్తే సమజ్ చేసుకుంటరు."

ఆయన గొంగడి భుజాన సర్దుకుని, "మీరు గట్లంటే గట్లనే," అని వెళ్లిపోయాడు.

ఆదివారం మేము వెళ్లేసరికి ఊరు ప్రశాంతంగా ఉంది. కులపెద్ద మంచం వాల్చి కూచోమన్నాడు. మజ్జిగ ఇప్పించాడు. మా మనిషి ఎక్కడని అడిగితే ఏమీ దాచలేదు. నేను చెప్పినట్టే ఆయన నలుగురిని చావడి దగ్గరికి పిలిచి నిమ్మకాయ కోశాడట. కోసిన చేతిని అక్కడికక్కడే పట్టుకున్నారట. పట్టుకున్నవాళ్లలో సొంత అన్న కూడా ఉన్నాడు. ఎవరో పోయి కమ్మరి దగ్గర పట్టకారు తెచ్చారు.

నేను మాట్లాడటం మొదలుపెట్టాను. పూల రసం, పులుపు, గొర్ల రోగం, అన్నీ మళ్లీ చెప్పాను. కులపెద్ద అడ్డం రాకుండా విన్నాడు.

"మీరు చెప్పింది నిజమే సారూ," అన్నాడు. "నిమ్మకాయల ఏం లేదు, పువ్వుల ఏం లేదు. అంత మనిషి కాడనే ఉన్నది. మీరొచ్చి చూపెట్టినంకనే మాకు సమజయింది." నన్ను ఓదారుస్తున్నట్టు చెప్పాడు. "మేం గూడ శాంతంగనే చేసినం. వేరే ఊర్లల్లయితే పానం తీస్తరు. మేం పండ్లే తీసినం."

ఆ తర్వాత ఎన్నో వేదికల మీద వాదించాను, గెలిచాను. కులపెద్ద అన్న ఆ మాట మాత్రం ఏ వేదిక మీదా ఎత్తలేదు.

మా మనిషి తన ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దవడలు గుడ్డతో కట్టి ఉన్నాయి. మమ్మల్ని చూసి లేవబోతే భార్య భుజం పట్టి ఆపింది. మమ్మల్ని కూచోమనలేదు, తిట్టలేదు. మేము బయటికి వచ్చేదాకా గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ నెలలోనే వాళ్లు మందను అమ్ముకుని పాలమూరు వైపు పోయారని తర్వాత విన్నాం.

అప్పుడైనా ఠాణాకు పోలేదు. కేసయితే చుట్టుపక్కల ఊళ్లు మమ్మల్ని రానివ్వవని నేనే అన్నాను. ఏమైందని బయటి ఊళ్లలోని మా నాస్తిక మిత్రులు అడిగితే ఊరు మర్యాదగా విన్నదని, ఎవరూ ఎదురు మాట్లాడలేదని, మజ్జిగ ఇచ్చారని చెప్పాను. అందులో ప్రతి ముక్కా నిజమే. నోటి నుంచి నోటికి పోయి అది గెలుపైంది. నేను దిద్దలేదు.

శాంతంగా నచ్చజెప్పి ఉన్మాదాన్ని గెలవలేమా అని ఇప్పటి పిల్లలు నన్ను అడుగుతారు. ఒక మనిషిని మార్చగలం, అదీ వాడు అప్పటికే సగం మారి ఉంటే. కానీ మారినవాడు మళ్లీ ఆ గుంపు మధ్యనే బతకాలి. గుంపును మార్చే మాట నాకు ఎక్కడా దొరకలేదు. ఠాణాకు పోయి ఉంటే ఆయన పండ్లు మిగిలేవి. గుంపూ మిగిలేది. దానికి మందేమిటో నాకు తెలియదు. తెలుసన్నట్టు ఇన్నేళ్లు మాట్లాడాను.

పందొమ్మిది వందల అరవైల్లో నాకు పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్ జిల్లాకు, బదిలీ అయింది. ఒకరోజు కొత్తకోటలో బస్సు కోసం నిలబడ్డాను. రోడ్డు పక్కన మైసమ్మ గుడి దగ్గర జాతరేదో జరుగుతోంది. మొహం నిండా పసుపు పూసుకుని, పొట్టేలు తాడు పట్టుకుని వరసలో నిలబడ్డ మనిషి నన్నే చూస్తున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. తాడు పక్కవాడికిచ్చి దగ్గరికి వచ్చాడు. నేను క్షమించమన్నట్టు ఏదో గొణిగాను. ఆయన అది వినిపించుకోలేదు. చుట్టూ చూసి, ముద్దముద్దగా, తొందరగా మాట్లాడాడు.

"గీడ నా సంగతి ఎవ్వరికి ఎరుక లేదు సారూ. పొట్టేలు పొడిస్తే పండ్లు పోయినయని చెప్పిన. గా చెట్టు కింద కూసున్నోళ్లు మీరెవరని అడుగుతరు. జర అమ్మకు ఒక్కసారి మొక్కుండ్రి."

చెట్టు కింద మనుషులు నిజంగానే మా వైపు చూస్తున్నారు. చెప్పులు విడిచి వెళ్లి మొక్కాను. పూజారి నొసట ఇంత బొట్టు పెట్టాడు. నేను తిరిగి వస్తుంటే వాళ్లలో ఒకడు ఎవరని అడగటం, ఆయన జవాబు చెప్పటం వినిపించింది.

"మా పాత ఊరి సారు. మస్తు భక్తి ఉన్న మనిషి."

బస్సు చాలా ఆలస్యంగా వచ్చింది. అందాకా నొసటి బొట్టు తుడుచుకోలేదు. ఆయన పొట్టేలును పట్టుకుని వరసలో ముందుకు జరుగుతూ, నేనెక్కడ తుడుచుకుంటానో అని మధ్యమధ్య నా వైపు చూస్తూనే ఉన్నాడు.