వేణ్ణీళ్ళు తగలని మూల

పోయిన వారం ఇంటికి రంగులు వేయిస్తుంటే పనివాళ్ళ చేతిలోంచి మా పెదనాన్న ఫొటో జారి కింద పడింది. చెక్క కట్టు నాలుగు ముక్కలైంది గానీ అద్దం పగల్లేదు. ఆ మనిషికి తగ్గ మొండి అద్దం. తీసి గోడకు ఆనిద్దామని పట్టుకున్నాను కదా, ఇన్నేళ్ళూ కట్టు కింద దాక్కున్న మూలలో బొటనవేలంత నల్లమరక కనిపించింది. కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. మరక కాదు. నల్లటి చేట అంచు మీద తెల్లగా మూడు మిరపకాయలు. డెబ్భై దాటినదాన్ని, ఆ అద్దం ఒళ్ళో పెట్టుకుని గచ్చు మీద కూలబడి, పోయి ముప్పయ్యేళ్ళయిన పెదనాన్నను నోటికొచ్చినట్టు తిట్టాను. పనివాళ్ళు బెదిరిపోయి నిచ్చెన దిగారు.

మాది గురజాల. నాన్న, పెదనాన్న సేద్యం చేసేవాళ్ళు. అందరికంటే చిన్నవాడు చలపతి బాబాయి నడికుడి స్టేషన్లో పార్సిలు గుమాస్తా. కొలువు చాలించి వెళ్ళిపోతున్న ఒక రైల్వే దొర దగ్గర పాత కెమెరా కొన్నాడు. మూడు కాళ్ళ మీద నిలబెట్టి నల్లగుడ్డలో తల దూర్చే రకం, ఫిల్ముకు బదులు జానెడు గాజుపలకలు. ఆదివారం రైలు దిగి ఇంటికి రాగానే అన్నం కూడా అడక్కుండా పత్తిగింజల కొట్లో దూరేవాడు. తలుపు సందుల్లో గోనెపట్టాలు కుక్కి, స్టేషన్ నుంచి తెచ్చిన ఎర్రద్దాల చేతిదీపం వెలిగించి, పింగాణీ పళ్ళేల్లో మందునీళ్ళు పోస్తుంటే పత్తిగింజల జిడ్డువాసన, కిరసనాయిలు పొగ, బొమ్మ నిలబెట్టే హైపో మందు కంపు, బయట కళ్ళంలో ఎండే మిరపకాయల ఘాటు అన్నీ కలిసి ముక్కు పగిలిపోయేది. తుమ్మితే పళ్ళెం కదులుతుందని ముక్కు పట్టుకుని కూచునేదాన్ని.

బాబాయికి గడియారం లేదు, నేనే గడియారం. కాగితం మీద గాజుపలక పెట్టి తెల్లదీపం చూపించగానే నేను ఎక్కాలు అందుకోవాలి. మామూలు మనిషికి ఏడో ఎక్కం చాలు. తెల్లపంచె కట్టిన పెద్దమనిషైతే పదమూడోది కూడా చదవాలి. ఎక్కడైనా తడబడి మళ్ళీ మొదలెట్టానంటే ఆ పెద్దమనిషి మొహం మాడిపోయేది. బడిలో పంతులుగారి బెత్తానికి రాని ఎక్కాలు ఆ కొట్లో నాకు కంఠతా వచ్చాయి.

పల్నాటి ఎండలకు ఆ విద్య పడదు. గాజు మీద పూత జిగురుది, గోరువెచ్చని నీళ్ళు తగిలినా పాలమీది మీగడలా జారిపోతుంది. అందుకే కెమెరాలోంచి తీసిన పలకల్ని చలికాలపు తెల్లవారుజామున, కొత్తకుండలో చల్లబడ్డ నీళ్ళతోనే కడిగేవాడు. పలకల దగ్గరికి వేణ్ణీళ్ళు రానీయొద్దని ఇంట్లో అందరికీ వందసార్లు చెప్పాడు. వందసార్లు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆడవాళ్ళ బొమ్మలు దించితే ఇంటి పరువు వీధిన పడుతుందని పెదనాన్న శాసనం. ఆయన మాచర్ల సంతకు వెళ్ళిన రోజు చూసి, పెరట్లో చేట ముందేసుకుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్న అమ్మను బాబాయి దించాడు. ఎండుకారం చేతులతో చెమట తుడుచుకోలేక, మోచేత్తో కొంగు ఎగదోసుకుంటూ నవ్వుతోంది అమ్మ. పలక కడిగాడు గానీ అచ్చు వేయడానికి కాగితం లేదు. యుద్ధం రోజులు, గుంటూరులో కాదు మద్రాసులోనే దొరకడం లేదన్నారు. అమ్మ పలకను వెలుతురుకు పట్టి చూసింది. నలుపంతా తెలుపు, తెలుపంతా నలుపు.

“ఏందయ్యా చలపతీ, అప్పుడే నన్ను ముసల్దాన్ని చేశావు! తల చూడు, ముగ్గుబుట్టయింది,” అని పడీపడీ నవ్వింది.

ఆ శ్రావణంలోనే విషజ్వరం వచ్చి అమ్మ పోయింది. ముప్పై నిండలేదు. అమ్మ తల నెరవడం ఆ గాజు మీద తప్ప ఎవరూ చూడలేదు. ఆ పలక తప్ప అమ్మ బొమ్మ ఇంకోటి లేదు. నేను రోజూ కొట్లోకి పోయి పెట్టె తెరిచి, పలకను దీపానికి పట్టి చూసుకునేదాన్ని. చూడగా చూడగా భయం పట్టుకుంది. కళ్ళు మూసుకుంటే అమ్మ మొహం నల్లగా, పళ్ళు నల్లగా, జుట్టు తెల్లగా వస్తోంది. అసలు మొహం చెరిగిపోతోంది. అచ్చు పడితే తప్ప అమ్మ నాకు తిరిగి రాదు.

సంవత్సరీకం వారం ఉందనగా బాబాయి ఉత్తరం రాశాడు. కాగితం దొరికింది, ఆ రోజుకు తెస్తున్నాను, ఎక్కాలు మర్చిపోకు అని.

మర్నాడే పెదనాన్న నన్ను పిలిచాడు. “ఏమే, మీ బాబాయి గాజుల పెట్టె ఏడుందే?”

సంవత్సరీకానికి అమ్మ బొమ్మ కావాలనుకున్నాడేమో, మనసు కరిగిందేమో అనుకున్నాను. పరిగెత్తుకుంటూ పోయి పెట్టె తెచ్చి చేతుల్లో పెట్టాను. ఆ పరుగు తలుచుకుంటే నా కాళ్ళు నేనే విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది. “మంచిదానివే, బడికి పో,” అన్నాడు.

సాయంత్రం వచ్చేసరికి పెరట్లో మంచం మీద పన్నెండు అద్దాలు తళతళలాడుతున్నాయి. ఏటిసూతకమని ఏడాదిగా అటకెక్కించిన దేవుడి పటాలకు, సూతకం వదుల్తోంది కాబట్టి, కొత్త అద్దాలు వేయించాలట. బజార్లో గాజు దొరకడం లేదట. పెద్దమ్మ స్నానాల కాగు దగ్గర చాకలిసోడా, కొబ్బరిపీచు పట్టుకుని చెమటోడుస్తోంది.

“మసి ఒకంతట వదల్లా తల్లీ, వేణ్ణీళ్ళు పోస్తేగానీ,” అంది.

అమ్మ సంవత్సరీకం కోసం అమ్మను కడిగేశారు. నేను ఏడ్చిన ఏడుపుకి పెదనాన్న వీపు మీద ఒకటిచ్చాడు. శుభమా అని పటాలు కట్టించుకుంటుంటే గాజుపెంకుల కోసం ఏడుపేందని.

సంవత్సరీకం నాడు బాబాయి కాగితాల పొట్లం చంకలో పెట్టుకుని వచ్చాడు. ఒక్కొక్క అద్దాన్నీ ఎత్తి ఆకాశానికి పట్టి చూశాడు. పన్నెండూ చూశాడు. “బొమ్మలేగదరా, మళ్ళీ దించుకోవచ్చులే,” అన్నాడు పెదనాన్న.

“ఎవర్ని దించమంటావన్నా?” అన్నాడు బాబాయి. అన్న ముందు నోరెత్తి ఎరగని మా నాన్న తల వంచుకుని దర్భలు సర్దుకుంటున్నాడు. బాబాయి ఆ పొట్లాన్ని మిట్టమధ్యాహ్నపు ఎండలో చించి పెరట్లో పారేశాడు. వెలుతురు తగలకూడని కాగితాలన్నీ మా కళ్ళముందే కమిలిపోయాయి. ఆయన మళ్ళీ కెమెరా ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఏ పెళ్ళిలో నలుగురు కూడినా పెదనాన్న చలపతి గాజులు కడిగించిన కథ చెప్పుకుని నవ్వేవాళ్ళు. పెద్దాయన, తెలియక చేశాడు, పోనీలే అని ఈనాటికీ నాకు చెప్పేవాళ్ళున్నారు. తెలియకేం? వందసార్లు విన్నాడు. పోనీ వినలేదనుకున్నా, ఇందులో ఏముందే అని చేతికి తెచ్చిచ్చిన పిల్లనొక మాట అడగొచ్చుగా? పెద్దల మాట చద్దన్నం మూటట. అరవయ్యేళ్ళు మోశాను, ఆ మూట పాచి కంపు నాకు తెలుసు. పైగా ఆ పన్నెండింట్లో గీత పడని అద్దం ఏరి, తన ఫొటోకి వేయించుకున్నాడు! పెద్దమ్మ బొటనవేలు ఆనిన చోట నీళ్ళు తగల్లేదు కాబట్టి మూడు మిరపకాయలు మిగిలాయి. అమ్మ మిగల్లేదు.

నిన్న ఆ అద్దాన్ని చీరముక్కలో చుట్టుకుని నరసరావుపేట పోయాను. ఆ బొటనవేలంతైనా కాగితం మీద అచ్చు వేయించుకుందామని. స్టూడియోలో ఎర్రదీపం లేదు, పళ్ళేల్లేవు, హైపో వాసన లేదు. చల్లటి గదిలో కంప్యూటరు ముందు కూచున్న యజమాని నవ్వాడు.

“డార్క్‌రూమా? దాన్ని బాత్‌రూమ్ చేసి చానా ఏళ్ళయింది బామ్మా. ఏదీ, ఇటివ్వు.” అద్దం అందుకుని అటూ ఇటూ తిప్పాడు. “పాత గాజు, గట్టిది. ఈ మూలేందో మరకుంది. ఆగు, తుడిచిస్తా,” అంటూ నీళ్ళసీసా, గుడ్డ అందుకున్నాడు.

ఎట్లా లాక్కున్నానో నాకే తెలీదు. నీళ్ళు నా చేతి మీద పడ్డాయి.

“ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా! అది మా అమ్మరా!”

అతను నొచ్చుకోలేదు. దగ్గరికి వంగి, అద్దం ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఓపిగ్గా వెతికాడు.

“ఏడుంది బామ్మా?” అన్నాడు.