చప్పుడు లేని బండి

మా అమ్మ ఎవర్నీ ఊరికే నమ్మదు. ఐసు అమ్మేవాణ్ణి నమ్మదు, ఐసునీ నమ్మదు. నేను డీజిల్ ఆటో అమ్మేసి కరెంటు ఆటో తెచ్చిన రోజు, దాని చుట్టూ తిరిగి, వంగి అడుగుకంటా చూసింది.

"సప్పుడు లేదు, పొగ లేదు. బతికున్నాదో లేదో ఎలా తెలస్తాదిరా?"

నిజానికి ఆ పొగ లేకపోవడం కోసమే కొన్నాను. మాది సముద్రం ఒడ్డు. తెల్లవారి పడవలు రాగానే అమ్మ, వీధిలోని ఇంకొందరు ఆడవాళ్లు చేపలు కొని, నా ఆటోలో శ్రీకాకుళం తీసుకెళ్లి ఇంటింటికీ అమ్ముతారు. ఏళ్ల తరబడి ఆ పొగ పీల్చి అమ్మకి దగ్గు పట్టుకుంది. పొగకు దూరంగా ఉండాలన్నాడు డాక్టరు. పోనీ అమ్మడం మానేయమంటే, "అయితే నన్నిప్పుడే ఇసకలో కప్పీండి" అంది.

ఆవిడ భయమల్లా ఒకటే. "నడి రోడ్డు మీద ఆగిపోనాదనుకో, సేపలు కుళ్లిపోతాయి. నా వాడుకోళ్లు ఇంకోదాని దగ్గర కొనుక్కుంటారు. ఆనక నన్నెవులు పిలుస్తారు?"

అందుకని నా బండి వదిలేసి, పక్కింటాయన డీజిల్ ఆటో ఎక్కి దగ్గుకుంటూ పోయేది. ఆయన్ని నేను బావా అని పిలుస్తాను. అమ్మను ఎక్కించుకుని నా ముందు నుంచే పోతూ, "ఏటి బావా, బండి పడుకున్నాదా?" అనేవాడు. ఒళ్లు మండిపోయేది.

ఓ రోజు బావ ఆటో స్టార్టవలేదు. అమ్మ బుట్ట తెచ్చి నా బండిలో పెట్టింది. దారంతా ఇనప కమ్మీ వదలకుండా పట్టుకుంది. ఆ రోజు దగ్గు రాలేదు. మర్నాడూ నా బండే ఎక్కింది. కొన్నాళ్లకి తోటివాళ్లతో, "మా బండిలో కూకుంటే మన మాటలు మనకి ఇనిపిస్తాయే" అనడం నా చెవిన పడింది. సీటు కింద బ్యాటరీ చూపించి, దీని ప్రాణమంతా ఇక్కడే ఉందమ్మా అని గొప్పగా చెప్పాను.

ఆ తర్వాతే బండి మొరాయించడం మొదలెట్టింది. చివరికి నాగావళి వంతెన ఇవతల, చేపల బుట్టలతో సహా ఆగిపోయింది. ఎండ ఎక్కుతోంది. అమ్మ తడి గోనె కప్పి కూర్చుంది. వెనకాలే వచ్చిన బావ అందర్నీ ఎక్కించుకుపోయాడు. అమ్మ నా వైపు చూడనైనా లేదు.

మెకానిక్ సీటెత్తి చూశాడు. వైర్ల అతుకుల దగ్గరంతా పచ్చగా చిలుము.

"ఉప్పునీళ్లు పోస్తన్నారేటి?"

"ఒడ్డున ఉంటాం కదా, ఆ గాలికేమో."

"గాలికింత పట్టదు. ఎవులో పోస్తన్నారు. ఇంకోసారి ఇలాగైతే నావల్ల కాదు."

నా అనుమానం నేరుగా బావ మీదికే పోయింది. ఇంకెవరికుంటుంది అంత అవసరం? ఆయన నవ్వితే అనుమానం, నవ్వకపోతే ఇంకా అనుమానం. ఇలా కాదని, ఓ తెల్లవారుజామున వలల కుప్ప వెనక నక్కి కూర్చున్నాను. ఇవాళ వీడి పని పడతాననుకున్నాను.

వచ్చింది బావ కాదు, అమ్మ. చేతిలో తపేలా. అటూ ఇటూ చూసి, సీటెత్తి, సముద్రపు నీళ్లు పోసింది.

అయితే 'మా బండి' అన్నదంతా నాటకమేనా?

"ఏటమ్మా ఇది? గిట్టకపోతే సెప్పొచ్చు కదా. దొంగసాటుగా సంపుతావా?"

అమ్మ ఉలిక్కిపడింది. "సంపడమేటిరా? గంగమ్మ నీళ్లు పోస్తన్నాను. మీ నాన పడవకి రోజూ పోసీవోడు కాదేటి?"

నిజమే. మా ఇళ్లలో పడవ కదిలే ముందు దాని తల మీద సముద్రపు నీళ్లు పోస్తారు. సొంత పడవకే పోస్తారు, పరాయి పడవకి పొయ్యరు.

"మరి సీటెత్తడమెందుకు?"

"దీని పేనం ఆడే ఉన్నాదన్నావు కదరా. ఎవులి దిష్టీ తగలకుండా సీకట్లో పోస్తన్నాను."

ఉప్పునీళ్లు తగిలితే ఈ బండి పాడైపోతుందని చెప్పాను. వంతెన దగ్గర ఆగింది కూడా అందుకేనని, ఆ కోపంలో అనేశాను. అమ్మ తపేలాలో మిగిలిన నీళ్లు ఇసకలో ఒంపేసి, చెయ్యి చీరకి తుడుచుకుంది. ఒకసారి కాదు, చాలాసేపు తుడుచుకుంది.

మెకానిక్ తిట్టుకుంటూనే బాగు చేశాడు. ఇప్పుడు బండి ఎక్కడా ఆగడం లేదు. అమ్మ ఆ బండిలోనే వస్తుంది. కాకపోతే పొద్దున్నే బుట్ట నెత్తిన పెట్టుకుని, బండికి జానెడు దూరంలో ఆగిపోతుంది.

"ఒరే, సెయ్యేస్తే ఏటీ అవదు కదా?"

"వెయ్యమ్మా" అంటాను. మర్నాడు మళ్లీ అడుగుతుంది.