సూపర్‌హీరోకి జిప్పు వెనకాలే ఉంటుంది

ఇది ఒక మహావీరుడి గాథ. ఇందులో ఆకాశం చీలుతుంది, నగరాలు కూలుతాయి, చివరికి లోకం ఎలాగో బతికి బయటపడుతుంది. అలా రాద్దామనే కూర్చున్నాను. జరిగింది మాత్రం రాజమండ్రిలో ఒక మాల్ రెండో అంతస్తులో, పాప్‌కార్న్ కౌంటర్ పక్కన. కూలింది నేనొక్కణ్నే, అదీ నిలబడే.

నా చిన్నప్పుడు టీవీలో సూపర్‌హీరోలకి రెండు బతుకులుండేవి. మామూలప్పుడు కళ్లజోడు పెట్టుకుని ఆఫీసులో తిట్లు తినేవాడు, ఆపద రాగానే అది తీసేసి ఎగిరిపోయేవాడు. పక్క కుర్చీలో అమ్మాయి కూడా పోల్చుకోలేకపోయేది. మా రావులపాలెంలో ముక్కు ఒక్కటి కనబడితే చాలు, ఎవరి అబ్బాయో చెప్పేస్తారు. ఇప్పటి సినిమాల్లో ఆ దాపరికం పోయింది. హీరో తనే ముసుగు తీసి మైకుల ముందు పేరు చెప్పేస్తాడు, లేదంటే ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉంటుంది. చిరిగిన డ్రెస్సు అమ్మ కుడుతుంది. బలం కన్నా బెంగ ఎక్కువ. నాకిది నచ్చేది కాదు. రహస్యం లేకపోతే వాడు యూనిఫాం వేసుకున్న ఉద్యోగే కదా అని వాదించేవాణ్ని.

ఇంతలో నాకే ఉద్యోగం పోయింది. హైదరాబాద్ కంపెనీ తీసేస్తే ఇంటికొచ్చి, వర్క్ ఫ్రమ్ హోమ్ అన్నాను. నాన్నది బొత్తాలు, జిప్పులు, లైనింగ్ గుడ్డలు అమ్మే కొట్టు. కొట్టుకొచ్చే ప్రతి టైలర్‌కీ మావాడు సాఫ్ట్‌వేర్ అని చెప్పుకునేవారు. ఆ మాట నిలబెట్టడానికి నేను గది తలుపేసుకుని, ఖాళీ స్క్రీన్‌తో ఇంగ్లీషులో మాట్లాడేవాణ్ని. శని, ఆదివారాలు మాత్రం క్లయింట్ మీటింగ్ అని చెప్పి గోదావరి దాటేవాణ్ని. మాల్‌లో కొత్త సినిమా ప్రచారానికి సూపర్‌హీరో వేషం వేసి, పిల్లలతో ఫొటోలు దిగడం పని. నోరు విప్పకూడదు, చేతులు నడుం మీద ఉండాలి, ఎవరికీ తల వంచకూడదు. మేనేజరు నేర్పింది ఇంతే.

ఒక ఆదివారం మా పెదనాన్న మనవరాలి చెయ్యి పట్టుకుని నేరుగా నా ముందుకొచ్చారు. నా మొహమంతా ముసుగే. కదలకుండా ఉంటే గండం గడిచిపోయేది. కానీ పెద్దవాళ్లు ఎదురైతే దణ్ణం పెట్టడం మా ఇంట్లో నడక కన్నా ముందు నేర్పుతారు. చేతులు వాటంతటవే నడుం మీంచి లేచి జోడించుకున్నాయి. తల వంగింది.

"నమస్కారం పెదనాన్నా, ఎప్పుడొచ్చారండి?"

ఏ విలనూ ఇంత చవగ్గా ముసుగు తీయించి ఉండడు.

పెదనాన్న ముసుగు కళ్లలోకి తొంగి చూశారు. "ఒరేయ్, నువ్వా? మీ ఆఫీసులో ఇప్పుడు ఇలాంటి బట్టలేసుకోమంటున్నారేంట్రా?"

వెటకారం కాదు, ఆయన నిజంగానే అడిగారు. వెటకారమైతే కాస్త నయంగా ఉండేది. ఎస్కలేటర్ అంటే భయపడి మెట్లెక్కి వచ్చిన నాన్న, సరుకు సంచితో అప్పుడే వెనక నుంచి చేరారు. కాళ్ల దగ్గర్నుంచి తలదాకా నన్ను చూశారు. తర్వాత ఏ తడబాటూ లేకుండా అన్నయ్యతో, ఇది వీడి కంపెనీ ప్రోగ్రామే, నాకు ముందే చెప్పాడు, పాపకి ఐస్‌క్రీమ్ ఇప్పించండి, నేనొస్తాను అన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించారు.

"తుఫానుకి కరెంటు, సిగ్నలు రెండూ పోయిన రోజున కూడా నీ మీటింగ్ ఆగలేదురా. ఆ రోజే తెలిసింది."

"మరి అడగలేదేం నాన్నా?"

"అడిగితే ఇంకో అబద్ధం ఆడాల్సొస్తుంది కదా నువ్వు."

ఆ తుఫాను తర్వాత నుంచీ నా మీటింగ్ వేళకి ఆయన టీవీ కట్టేయడం, మిక్సీ వేయబోతున్న అమ్మని వారించడం, కొట్లో ఎలాస్టిక్ కొలుస్తూ మావాడికి పని ఎక్కువండి అనడం వరసగా గుర్తొచ్చాయి. నేను ముసుగేసుకుని కూడా దొరికిపోయాను. ఆయన పొట్టి చేతుల చొక్కాలో, రోజూ అందరి ముందే తిరుగుతూ, ఎవరికీ దొరకలేదు. రహస్యాల సూపర్‌హీరోల కాలం అయిపోయిందని నేను వాదిస్తుంటే ఆయన మజ్జిగ కలుపుకుంటూ వినేవారు. సిగ్గుతో ఏడుపొచ్చింది గానీ, ముసుగులో ముక్కు తుడుచుకునే వీలు లేదు కాబట్టి మానేశాను.

స్టోర్ రూమ్‌లోకి వెళ్లాం. ఆ డ్రెస్సు ఒక్కడే విప్పుకోగలిగేది కాదు. నాన్న వెనక నిలబడి జిప్పు లాగారు. సగంలో ఇరుక్కుంది.

"మీ పెదనాన్నకేం చెప్దాం?" అన్నారు.

"నిజమే చెప్దాం. అమ్మకి కూడా నేనే చెప్తాను. మీరు ఇంకెవరికీ ఏమీ చెప్పకండి."

ఆయన నన్ను ఊపిరి బిగబట్టమని, సంచిలోంచి కొవ్వొత్తి ముక్క తీశారు.

నైలాన్ జిప్పు ఇరుక్కుంటే పళ్ల మీద కొవ్వొత్తి రుద్దాలి. నూనె రాయకూడదు, గుడ్డకి మరకవుతుంది.