విప్పిన రఫూ

పొద్దున లేవగానే రఫూ అక్క చేసే మొదటి పని దారాలు లాగడం. గుమ్మంలో వెలుతురు పడే చోట పీట వేసుకుని, ముందురోజు వచ్చిన బట్టల అంచులు విప్పుతుంది. ఎవరికీ కనబడని లోపలి మడత నుంచి ఒక్కొక్క పోగే లాగి అట్టముక్కకు చుడుతుంది. కాఫీ సంగతి ఆ తర్వాతే. చిరుగు కనబడకుండా రఫూ చేసి పూడ్చాలంటే ఆ బట్ట పోగే కావాలి. "పరాయి దారం ఎంత కలిసినా ఎక్కడో ఒకచోట మొహం చూపిస్తుంది" అంటుంది.

ఆ గుమ్మం పక్కన ఒక ఎత్తు స్టూలు ఉంటుంది. దానిమీద బట్టలు పెట్టదు, ఎవరినీ కూర్చోమనదు. అది కండక్టరుది.

కండక్టరు ఆమె భర్త. ప్రైవేటు బస్సు, ఎక్కిన రోజుకే జీతం. చీకటితో వెళ్లి చీకటితో వచ్చేవాడు. "మా ఆయన మొహం పెళ్లి ఫోటోలో చూసినంత బాగా ఇంట్లో చూడలేదమ్మా" అని వచ్చినవాళ్లతో నవ్వేది.

ఒక సాయంత్రం ఆఖరి స్టాపులో డ్రైవరు టీకి దిగినప్పుడు ఇద్దరు ఖాళీ బస్సెక్కారు. కండక్టరు డబ్బుల సంచీ వదల్లేదు. వెనకనుంచి కుడి భుజంలో కత్తి దింపి, సంచీ లాక్కుని పోయారు. డ్రైవరు అతన్ని దగ్గర్లో ఉన్న చిన్న క్లినిక్కుకు మోసుకెళ్లాడు. అక్కడి డాక్టరు పోలీసు గొడవ తనకెందుకని చీటీలో గాజు గుచ్చుకుందని రాసి, కుట్లు వేసి పంపేశాడు.

రఫూ అక్క ఆ రాత్రంతా ఏడ్చింది. ఏడుస్తూనే ఖాకీ చొక్కా నానబెట్టింది, మరక పోయేదాకా ఉతికింది. మర్నాడు ఆ చొక్కా అంచులోని పోగులే లాగి, కత్తి గాటును నేసినట్టే పూడ్చేసింది. మొగుడి ఒంటిమీది గాయానికి ఏం చేయాలో ఆమెకు తెలీదు. చొక్కాకైతే తెలుసు.

చెయ్యి మాత్రం పైకి లేవలేదు. బస్సులో పై కమ్మీ పట్టుకోలేనివాడికి ఉద్యోగమేముంది? అద్దె ఆగింది. వీధివైపు ముందు గదిని, అంటే రఫూ దుకాణాన్ని, నెలాఖరుకల్లా ఖాళీ చేయమని ఇంటావిడ చెప్పేసింది. అప్పుడే, దొంగతనం ఫిర్యాదు ఇచ్చిన పోలీసుస్టేషన్లో ఎవరో చెబితే, దాడుల్లో దెబ్బతిన్నవాళ్లకి సాయమిచ్చే సర్కారు ఆఫీసులో అర్జీ పెట్టారు. కొన్నాళ్లకి ఒక ఆఫీసరమ్మ ఇంటికొచ్చింది.

"దొంగలు దొరకలేదు కదమ్మా, మాకెవరిస్తారు?" అంది రఫూ అక్క.

"దొరికేదాకా ఆగితే మీరేం తింటారు? అందుకే ప్రభుత్వం ఇస్తుంది. ఆసుపత్రి ఖర్చూ, పోయిన జీతమూ."

"బాగుంది! పొడిచింది వాడూ, కట్నం చదివించేది సర్కారూనా!" అన్నాడు కండక్టరు మంచంమీంచి.

ఆఫీసరమ్మ నవ్వింది కానీ, వెంటనే ముఖం దిగులుగా పెట్టింది. "చీటీలో గాజని ఉందండీ. గాజైతే ప్రమాదం, మా దగ్గర దానికి సాయం లేదు. ఆరోజు వేసుకున్న చొక్కా ఉందా?"

రఫూ అక్క తెచ్చిచ్చింది. ఆఫీసరమ్మ అటు తిప్పింది, ఇటు తిప్పింది, కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూసింది.

"దీనికేమీ కాలేదే! ఇది వేరే చొక్కానా?"

ఒక్క క్షణం రఫూ అక్క మొహం వెలిగిపోయింది. అంతకంటే మెప్పు ఆ పనికి ఉండదు. మరుక్షణమే సంగతి అర్థమైంది.

"అదేనమ్మా. నేనే... పూడ్చేశాను."

"ఎంత పని చేశారమ్మా" అంది ఆఫీసరమ్మ మెల్లగా.

రఫూ అక్క సూది తీసింది. కండక్టరు లేచి కూర్చున్నాడు.

"వద్దులేవే. ఆ డాక్టరు నన్ను గోనెసంచి కుట్టినట్టు కుట్టాడు. చొక్కా ఒక్కటే తిన్నగా బాగుపడింది. దాన్నలా ఉండనీ."

"చొక్కా బాగుండి మనం వీధిన పడితే ఎవరికి చూపిస్తారు? మీరు ఊరుకోండి."

తన పని తనే విప్పడం ఆమెకదే మొదలు. సూదిమొనతో ఒక్కొక్క పోగే వెనక్కి లాగింది. లాగుతున్నకొద్దీ మూసుకున్న గాటు మళ్లీ నోరు తెరిచింది. చివరి పోగు ఊడేసరికి ఆ చీలికలోంచి ఆమె బొటనవేలు దూరింది. పూడ్చేటప్పుడు చిరుగనే చూసింది; ఇంత కత్తి ఆయన ఒంట్లోకి దిగిందని ఆమెకి అప్పుడే తట్టింది. చొక్కాను ఆఫీసరమ్మ చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

పరీక్షకు పంపితే అది కత్తి గాటేనని తేలింది. సాయం అందింది. అద్దె తీరింది, దుకాణం నిలిచింది, పెద్దాసుపత్రిలో భుజానికి వైద్యం మొదలైంది.

ఆ వానాకాలమంతా కండక్టరు ఇంట్లోనే ఉన్నాడు. స్టూలెక్కి కూర్చుని, బట్టలు తెచ్చినవాళ్లని బస్సెక్కినవాళ్లలాగే అదిలించేవాడు. "లోపలికి జరగండి, లోపలికి! పంట్లాలవాళ్లు ముందు దిగండి! చిల్లర ఎవరిదగ్గరుంది?" పని లేనివాళ్లు కూడా ఆ మాటల కోసం వచ్చేవాళ్లు. "మీ నోటికి టికెట్టు పెడితే నా సూదికంటే ఎక్కువొస్తుంది" అనేది ఆమె. మధ్యాహ్నం వాన పడుతుంటే ఇద్దరూ గుమ్మంలో ఊరికే కూర్చునేవాళ్లు. అలా కూర్చోవచ్చని అంతకుముందు వాళ్లకి తెలీదు.

డాక్టరు చెప్పిన కసరత్తు కోసం ఆమె గోడకి వరసగా మేకులు కొట్టింది. కుట్టిన బట్టలు అతను కుడిచేత్తో తగిలించాలి, రోజురోజుకీ పై మేకుకి. ఒకరోజు అన్నిటికంటే పై మేకుకి కోటు తగిలించి, "చూశావుటే!" అని అరిచాడు. ఆమె చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత చాలాసేపు సూదిలో దారం ఎక్కించలేకపోయింది. మర్నాటినుంచి అతను మళ్లీ చీకటితో వెళ్లాడు.

చొక్కా ఆఫీసునుంచి తిరిగొచ్చింది కానీ, అంచులో లాగడానికి పోగులు మిగల్లేదు. వేరే దారంతో పూడిస్తే గీతలా కనబడింది. మార్చేస్తానంటే అతను ఒప్పుకోలేదు. "ఉండనీ. నాకు సెలవిచ్చిన చొక్కా అది" అనేవాడు.

కండక్టరు పోయి ఆరేళ్లయింది. రఫూ అక్క ఇప్పటికీ అదే ముందు గదిలో దుకాణం నడుపుతోంది, అద్దె తనే కట్టుకుంటోంది. వెలుతురు తగ్గగానే పని ఆపేసి, గుమ్మంలో ఆ స్టూలు పక్కన కాసేపు ఊరికే కూర్చుంటుంది.