కత్తి వద్దన్న హెడ్ కానిస్టేబుల్

గద్వాలలో జమీల్ సెల్ ఫోన్ల దుకాణం మీది గదిలో ప్రతి ఆదివారం పాచికలతో జూదం నడుస్తోందని ఎవరో స్టేషన్‌కు ఫోన్ చేశారు. చూసి రమ్మని హెడ్ కానిస్టేబుల్ బాలస్వామిని పంపారు. రిటైర్మెంట్ దగ్గర పడ్డ మనిషి. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి తలుపు తోసేసరికి చాప మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. మధ్యలో రంగు పెన్సిళ్లతో గీసిన పటం, దాంట్లో కొండలు, కోటలు, ఒక నది. పాచికలున్నాయి గానీ అటువంటివి ఆయన ఎన్నడూ చూడలేదు. ఒక్కోదానికి ఇరవై ముఖాలు.

"పైసలేవి?" అన్నాడు బాలస్వామి.

"పైసలు లేవు సార్. ఇది కథలాట," అన్నాడు జమీల్.

హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు జమీల్ నేర్చుకున్న ఆట అది. ఒకరు కథ నడిపిస్తారు. మిగతావాళ్లు అందులో తలా ఒక పాత్ర తీసుకుని, ఏం చేస్తారో నోటితో చెబుతారు. అయిందా కాలేదా అన్నది పాచిక తేలుస్తుంది. జమీల్ కథ నడిపేవాడు. అతని అక్క తస్లీమ్ దవాఖానలో నర్సు, ఆటలో మంత్రగత్తె. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే శ్రీజ ఆటలో సేనాని.

మోకాళ్లు నెమ్మదించేదాకా అని బాలస్వామి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పొద్దు గూకేదాకా లేవలేదు. అక్కడ జూదం లేదని స్టేషన్‌లో చెప్పి, మళ్లీ సెలవు దొరికిన ఆదివారం మామూలు బట్టల్లో వచ్చాడు.

"మీకు ఏ పాత్ర కావాలె సార్? యోధుడా?" అని జమీల్ అడిగాడు.

"కత్తి వద్దు బిడ్డ. వారమంత లాఠీ పట్టుకునే ఉంట. ఆకుపసరు పోసే వైద్యుడు గిట్ల ఉంటడా మీ దాంట్ల?"

అట్లా ఆయన వైద్యుడయ్యాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఎవరికి దెబ్బ తగిలినా కట్టు కడుతున్నానని చెప్పి పాచిక వేసేవాడు.

చలికాలం మొదట్లో, కథలో ఒక ఊరి ధాన్యపు కొట్టు తగలబెట్టిన బందిపోటు వీళ్ల చేతికి చిక్కాడు. ఆ మంటల్లో ఇద్దరు చచ్చిపోయారు.

"వీన్ని ఈడ్నే నరుకుత," అంది శ్రీజ.

"విచారణ లేకుంటనా? రేపు పేపర్ల ఎన్‌కౌంటర్ అని రాసేది గిట్ల చంపినదాన్నే," అంది తస్లీమ్.

శ్రీజ పాచిక కింద పెట్టింది. "మా తాత నల్లమల దిక్కు సర్పంచ్. అన్నలొచ్చి ఇంటి ముందర కాల్చిండ్రు. ఆ చంపినోల్లు ఎవరో ఇప్పటికీ తెల్వదు. అడవిల సచ్చినోల్లకు పాటలు కట్టిండ్రు. మా తాతకు పాట కట్టినోడు లేడు."

ఇది ఆటేనని జమీల్ అనబోయి ఊరుకున్నాడు.

"మేడం, ఆ దినాలల్ల నేను కొత్తగ డ్యూటీల చేరిన," అన్నాడు బాలస్వామి. "రెండు దిక్కుల పీనుగల్ని జీపెక్కించిన. రెండు దిక్కుల ఇండ్లకాడ ఏడుపులు ఇన్న. ఇంక నాకు చాతకాదు. వీన్ని రాజు దగ్గరికి తోల్కపోదాం."

తస్లీమ్ సరేనంది. దారి కాపలాకు ఆయనే పాచిక వేశాడు. ఇరవైకి రెండే పడింది. బందిపోటు తాళ్లు తెంపుకుని పారిపోయాడని జమీల్ చెప్పాడు.

"చూసిండ్రా సార్? ఇప్పుడు ఇంకో ఊరు కాలవెడ్తడు," అంది శ్రీజ.

"కాలవెడ్తడేమో," అన్నాడు బాలస్వామి.

ఆ నెలలోనే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. గద్వాల పక్క పల్లెలో సర్పంచ్‌గా గెలిచిన దశరథాన్ని ఊరేగింపు అయిన మర్నాడు పొలం గట్టు మీద నరికి చంపారు. ఓడినవాళ్ల తరఫున తిరిగిన అనిల్ అనే యువకుడు పోలీసులకు దొరికాడు. ఎస్సై, సిబ్బంది బందోబస్తుకని ఆ పల్లెలో ఉండగానే, శవాన్ని చూసిన జనం ట్రాక్టర్లెక్కి స్టేషన్ మీదికి వచ్చారు. లోపల అనిల్. గేటు దగ్గర బాలస్వామి, ఇద్దరు కానిస్టేబుళ్లు.

ముందు నిలబడింది దశరథం భార్య జోగులమ్మ. ఆమె పక్కన చిన్న కొడుకు, చేతిలో గొడ్డలి.

"మాకియ్యుండ్రి వాన్ని. కోర్టంటే ఏండ్లకేండ్లు తిప్పుతరు," అందామె.

"అవునమ్మా, తిప్పుతరు," అన్నాడు బాలస్వామి. "అయినా ఇయ్య."

రాళ్లు పడ్డాయి. ఒకటి ఆయన మెడ కింద ఎముకను విరిచింది. కూలబడ్డా గేటు కమ్మీ వదల్లేదు. అంతలో ఎస్పీ ఆఫీసు నుంచి రెండు పోలీసు వ్యాన్లు దిగాయి. అనిల్‌ను కోర్టుకు తీసుకుపోయారు.

దవాఖానలో తస్లీమే ఆయన భుజానికి కట్టు కట్టింది. హెడ్డు అమ్ముడుపోయిండని దశరథం తరఫువాళ్లు ఫోన్లలో తిప్పారు. పోలీసులే మావాణ్ని ఇరికించారని అనిల్ తరఫువాళ్లు తిప్పారు. బాలస్వామి రెండూ చదివి ఫోన్ దిండు కింద పెట్టాడు.

శ్రీజ జొన్నరొట్టెలు తెచ్చింది.

"నా అభిప్రాయం మారలే సార్," అంది.

"మారాలని నేను దెబ్బ తినలేదమ్మా," అన్నాడాయన. ఆమె నవ్వలేదు. రొట్టె తుంచి గిన్నెలో వేసి, ఎడమ చేతికి అందేటట్టు జరిపింది.

ఎండాకాలానికి అనిల్ బెయిల్ మీద బయటికి వచ్చాడు. కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. సాక్షిగా బాలస్వామికి పిలుపు వచ్చిన రోజున కూడా వాయిదానే పడింది. కోర్టు మెట్ల మీద జోగులమ్మ కూర్చుని ఉంది. ఆయనను చూసి పలకరింపు లేకుండానే అడిగింది.

"ఆనాడు నువ్వు గేటు తీసుంటే నాకు ఈ తిరుగుడు తప్పేది కద?"

ఆయన ఆమె పక్కన ఆగాడు. "తప్పేదమ్మా. నీ చిన్నోని కోసం జైలు కాడికి తిరిగేదానివి."

ఆమె కొంగు సర్దుకుంది. గొడ్డలి పట్టుకున్న ఆ కొడుకు రోడ్డవతల చెరుకు రసం తాగుతున్నాడు.

"నువ్వు రిటైరైతవట. మల్ల సాక్ష్యానికి వస్తవా?"

"పిలిస్తె వస్త. పిలువకపోయినా వస్త."

బస్సు వచ్చిందని కొడుకు కేకేస్తే ఆమె లేచి వెళ్లింది. బాలస్వామికి కుడి చేయి ఇంకా పైకి లేవదు. ఎడమ చేత్తో మెట్ల కమ్మీ పట్టుకుని నెమ్మదిగా దిగాడు.

ఆ ఆదివారం ఆటకు రమ్మని జమీల్ ఫోన్ చేశాడు.

"ఈ వారం చాతకాదు బిడ్డ," అని బాలస్వామి పడుకున్నాడు.

ఆ పై ఆదివారం ఆటకు వెళ్లాడు.